రాక్ పాటకి మీ రోజును జతచేసి పంచుకోవడం ఎలా?

“పాట పంపిస్తే ఎవరూ వినరండీ” అని ఒకరు. “ఈ పాట వింటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది, అదేంటో రాద్దామని కూర్చుంటే ‘సూపర్ సాంగ్, తప్పకుండా వినండి’ తప్ప ఇంకో మాట రాదు” అని ఇంకొకరు. ఈ రెండు ప్రశ్నలూ నన్ను ఎన్నేళ్ళుగానో అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నేను పాటించే పద్ధతి మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

ఉత్త లింకు పంపితే అవతలివాళ్ళకి అదొక పని. ఐదు నిమిషాలు కేటాయించమని అడుగుతున్నాం, ఎందుకో చెప్పడం లేదు. పైగా రాక్ (గిటార్లు, డ్రమ్స్ హోరెత్తే పాశ్చాత్య సంగీతం) అలవాటు లేని చెవికి మొదటి పది సెకన్లు గోలలాగే ఉంటాయి, అక్కడే ఆపేస్తారు. అదే పాటకి మీ రోజులోంచి ఒక చిన్న సంగతి జతచేసి పంపండి. అప్పుడది మీ కబురు అవుతుంది. మనవాళ్ళ కబురంటే చదువుతారు. చదివాక, అందులో చెప్పిన చోటు ఎలా ఉందో విందామనిపిస్తుంది.

కిటుకంతా ఒక్కటే. పాటలో ఒక చోటు, రోజులో ఒక చోటు ఒకదానికొకటి తగలాలి. కింద చెప్పే దశలన్నీ ఆ తగిలే చోటు వెతుక్కోవడానికి, దొరికాక దాన్ని చెడగొట్టకుండా ఉండటానికి.

ఏమేం కావాలి

- ఒక పాట. ఒక్కటే. పది పాటల ప్లేలిస్ట్ పంపితే పదీ వినరు.
- ఇయర్‌ఫోన్స్. ఫోన్ స్పీకర్లో బేస్ గిటార్ (కింది స్థాయి స్వరాలు పలికేది) దాదాపు వినపడదు. మీకు తెలియకుండానే పాటలో సగం జారిపోతుంది.
- ఆ పాటను మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు వినే తీరిక.
- రాసుకోవడానికి కాగితం, లేదా ఫోన్లో నోట్స్.
- ఒక మనిషి పేరు. ఎవరికి పంపుతున్నారో తెలియకుండా మొదలుపెట్టకండి.

సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు. గిటార్ పట్టుకోవడం రాకపోయినా ఫర్వాలేదు.

దశ 1: ముందు మనిషి, తర్వాత పాట

చాలామంది పాట దగ్గర మొదలుపెట్టి, ఇది ఎవరికి పంపుదామా అని చూస్తారు. తిప్పి చేయండి. ఒక మనిషిని అనుకోండి. వాళ్ళకి గట్టి శబ్దం పడుతుందా? ఇంగ్లీషు మాటలు అర్థమవుతాయా, లేక వాద్యాలు మాత్రమే వింటారా? ఎప్పుడు ఖాళీగా ఉంటారు? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే మీ దగ్గరున్న వంద పాటల్లో తొంభై పక్కకి పోతాయి.

పదిమంది ఉన్న గ్రూపులో పెట్టాలనుకున్నా సరే, రాసేటప్పుడు అందులో ఒక్కరినే మనసులో పెట్టుకుని రాయండి. అందరికీ రాసినది ఎవరికీ తగలదు.

దశ 2: రోజులోంచి ఒక్క సంగతి తీసుకోండి

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. “నా జీవితంలో చెప్పుకోవడానికి ఏముందండీ, లేస్తాను, పనికి వెళ్తాను, వస్తాను” అంటారు. పెద్ద సంఘటన వెతకొద్దు. నిన్న పొద్దున్నించి రాత్రిదాకా మీ చెయ్యి ఏం చేసిందో, మీ చెవికి ఏం వినపడిందో ఐదారు ముక్కలు రాసుకోండి. లిఫ్ట్ పని చేయక మెట్లెక్కారు. బస్సులో పక్క సీటాయన నిద్రలో మీ భుజం మీద వాలాడు. చొక్కా గుండీ ఊడితే కుట్టుకున్నారు. ఇవి చాలు. ‘జీవితం’, ‘కాలం’, ‘ఒంటరితనం’ లాంటి మాట రాసుకుంటే కొట్టేయండి. అది సంగతి కాదు, సంగతికి మీరు తగిలించిన పేరు.

రాక్ పాటల్లో చాలా గొప్పవి కూడా ఇలాంటి సంగతుల్లోంచే పుట్టాయి. డీప్ పర్పుల్ బృందం వాళ్ళ ‘స్మోక్ ఆన్ ద వాటర్’ చూడండి. 1971 డిసెంబరులో ఆల్బమ్ రికార్డు చేసుకోవడానికి వాళ్ళు స్విట్జర్లాండ్‌లోని మాంత్రో వెళ్ళారు. 4వ తేదీన అక్కడి కాసినోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ (సంకేతం కోసం మంట చిమ్మే తుపాకీ) పేల్చారు. కాసినో మొత్తం తగలబడిపోయింది, పొగ సరస్సు మీద పరుచుకుంది. పాటలో ఉన్నది అదే. ఎక్కడికి వచ్చాం, ఏం జరిగింది, తర్వాత రికార్డింగుకి చోటు దొరక్క ఏం చేశాం. ఇంటికొచ్చి జరిగింది చెప్పినట్టే ఉంటుంది. బీటిల్స్ పాట ‘హియర్ కమ్స్ ద సన్’ పుట్టుక ఇంకా చిన్న సంగతి. 1969 వసంతంలో ఆ బృందంలోని జార్జ్ హారిసన్ వ్యాపార సమావేశాలతో విసిగిపోయి ఒకరోజు ఆఫీసు ఎగ్గొట్టాడు. స్నేహితుడు, గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ ఇంటికెళ్ళి, గిటార్ పట్టుకుని తోటలో తిరుగుతూ ఆ పాట రాసుకున్నాడు. ఎండ వచ్చింది, అంతే. మీరు ఊడిన గుండీ గురించి రాయడానికి సిగ్గుపడక్కర్లేదు.

దశ 3: పాటను సెకన్లు చూస్తూ వినండి

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి ప్లేయర్లో కదిలే అంకెలను చూస్తూ, ఏదైనా మారిన ప్రతిచోటా ఆపి రాసుకోండి. లెడ్ జెప్పెలిన్ బృందం 1971 పాట ‘స్టెయిర్‌వే టు హెవెన్’ వింటూ నేను రాసుకున్నది ఇది:

మొదట ఒంటరి గిటార్. వెంటనే వేణువుల్లాంటి సన్నని ఊదుడు. నిమిషంలోపే పాడటం మొదలు. నాలుగు నిమిషాలు దాటాక డ్రమ్స్. ఆరో నిమిషం దగ్గర గిటార్ సోలో (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే భాగం). తర్వాత అరుపుల్లాంటి పాట. చిట్టచివర వాద్యాలన్నీ ఆగిపోయి ఒక్క గొంతు.

ఇందులో నన్ను ఇప్పటికీ పట్టుకునేది సోలో కాదు, ఆ నాలుగు నిమిషాలు. ఎనిమిది నిమిషాల పాటలో సగం దాకా డ్రమ్స్ వాయించే మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నాడు! కాగితం మీద రాసుకునేదాకా నేనది గమనించనే లేదు, అన్నేళ్ళుగా వింటున్నా కూడా.

వాద్యం పేరు తెలియకపోతే మీకు ఎలా అనిపించిందో అలాగే రాసుకోండి. “తలుపు గడియ తీసినట్టు”, “బరువైన బల్ల ఈడ్చినట్టు”. ఒక్కోసారి అసలు పేరుకంటే ఇవే బాగా పనికొస్తాయి.

దశ 4: రెండింటినీ కలపండి, కానీ విషయం చూసి కాదు

వాన పడితే వాన పాట, ప్రయాణమైతే రోడ్డు పాట. ఇది అందరూ చేసేదే, అందుకే ఎవరికీ పట్టదు. పాట మాటల్ని పక్కనపెట్టి నడక చూడండి. ఎలా మొదలవుతుంది, ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది? మీ సంగతికి కూడా ఒక నడక ఉంటుంది. ఆ రెండు నడకలు కలిస్తే చాలు, విషయాలు కలవక్కర్లేదు.

అలిగిన చెల్లెలు మూడు రోజుల తర్వాత “నా చార్జర్ చూశావా?” అని మాట్లాడింది. అంతవరకూ ఇంట్లో అందరూ మెల్లగా, జాగ్రత్తగా తిరిగారు. నాలుగు నిమిషాలు ఆగి వచ్చే ఆ డ్రమ్స్ ఇక్కడ సరిగ్గా కూర్చుంటాయి.

పై అంతస్తులో పొద్దుట్నించి గోడకి డ్రిల్లింగ్. వింటూ వింటూ అలవాటైపోయింది. ఉన్నట్టుండి ఆగిపోయింది, ఇల్లు ఖాళీ అయినట్టనిపించింది. దీనికి బీటిల్స్ 1969లో చేసిన ‘ఐ వాంట్ యు (షీ ఈజ్ సో హెవీ)’ జత చేయొచ్చు. దాదాపు ఎనిమిది నిమిషాల ఆ పాట చివర్లో ఒకే గిటార్ వరస తిరిగి తిరిగి, హోరు పెరిగి పెరిగి, నడి మధ్యలో కత్తిరించినట్టు ఆగిపోతుంది. నిజంగానే టేపు అక్కడ కత్తిరించారు.

జత కుదరలేదా? పాట మార్చకండి, సంగతి మార్చండి. రోజులో సంగతులు బోలెడుంటాయి.

దశ 5: పాట అసలు దేని గురించో ఒకసారి చూసుకోండి

నడక కలిసినా మాటలు అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. ‘ద పోలీస్’ అనే రాక్ బృందం 1983 పాట ‘ఎవ్రీ బ్రెత్ యు టేక్’ను ప్రేమపాట అనుకుని పెళ్ళి రోజుకి పంపేవాళ్ళున్నారు. వదిలిపోయిన మనిషిని అడుగడుగునా కనిపెట్టి చూసే అనుమానపు గొంతు అది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1984 పాట ‘బార్న్ ఇన్ ద యూఎస్ఏ’ పల్లవి ఒక్కటే వింటే దేశభక్తి గీతంలా ఉంటుంది. చరణాలు వింటే వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుడి గోడు. ఆర్.ఇ.ఎమ్. బృందం 1991 పాట ‘లూజింగ్ మై రెలిజియన్’ పేరు చూసి మతం మీద పాట అనుకుని నొచ్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. అమెరికా దక్షిణాదిలో ఆ మాటకి ‘ఓపిక నశించడం’ అని అర్థం. భక్తి ఎక్కువున్న పెద్దవాళ్ళకి పంపేటప్పుడు ఈ ఒక్క వాక్యం ముందే రాస్తే గొడవ ఉండదు.

చేయాల్సింది సులువే. పాట మాటలు మొత్తం ఒకసారి చదవండి, పల్లవి మాత్రమే కాదు. అర్థం కాని వాక్యం ఉంటే దాన్ని వదిలేయకండి, ముల్లు అక్కడే ఉంటుంది.

హెచ్చరిక: పాటల వెనక కథల్ని వెంటనే నమ్మకండి. ఫిల్ కాలిన్స్ 1981 పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ గురించి ఒక పుకారు ఎప్పటినుంచో తిరుగుతోంది. ఎవరో మునిగిపోతుంటే చూస్తూ నిలబడ్డ మనిషిని ఆయన కచేరీలో అందరిముందూ పట్టించాడట. ఆయనే చాలాసార్లు కొట్టిపారేశాడు. విడాకుల బాధలో, కోపంలో పుట్టిన పాట అది. మీ కబురులో పుకారు కలిస్తే, మీ సొంత సంగతి కూడా కల్పితంలా కనిపిస్తుంది. ఖాయంగా తెలియని కథ రాయకండి. కథ లేకపోయినా పాట నిలబడుతుంది.

దశ 6: ఏ రికార్డింగో చూసుకుని లింకు తీయండి

ఇది చిన్న దశ అనిపిస్తుంది. నేను చూసిన పొరపాట్లలో సగం ఇక్కడే.

పేరు ఒకటే, పాటలు వేరు. ‘వన్’ అనే పేరుతో యూ2 బృందానికి 1991లో వచ్చిన నెమ్మదైన పాట ఉంది. మెటాలికాకి 1988లో వచ్చిన ‘వన్’ ఉంది. అది యుద్ధంలో కాళ్ళూ చేతులూ చూపూ అన్నీ పోగొట్టుకుని చావమని వేడుకునే సైనికుడి పాట. రెండూ గొప్పవే. ఒక స్నేహితురాలికి మొదటిది పంపుతున్నాననుకుని రెండోదాని లింకు పంపాను నేను, అదీ ఆమె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజున. క్షమాపణ చెప్పుకున్నాను గానీ, ఆ తర్వాత లింకు మీద వేలు పెట్టి బృందం పేరు చదవకుండా ఏదీ పంపలేదు.

పొట్టిది, పొడుగుది. డోర్స్ బృందం 1967 పాట ‘లైట్ మై ఫైర్’ ఆల్బమ్‌లో ఏడు నిమిషాలుంటుంది, రేడియో కోసం చేసిన సింగిల్ (విడిగా విడుదలైన ఒక్క పాట) మూడు నిమిషాల లోపే. కోసేసింది మధ్యలో వచ్చే ఆర్గాన్, గిటార్ సోలోలనే. ఆ సోలో గురించే మీరు రాసి పొట్టి లింకు పంపితే, అవతలివాళ్ళు చివరిదాకా వెతికి వెతికి అలిసిపోతారు.

గట్టిది, మెత్తనిది. దీన్ని మీకు అనుకూలంగా వాడుకోవచ్చు. ఎరిక్ క్లాప్టన్ ‘లైలా’ 1970లో డెరెక్ అండ్ ద డొమినోస్ అనే బృందం పేరుతో వచ్చినప్పుడు గిటార్ కేకతో మొదలవుతుంది, రెండో సగమంతా పియానో నడుపుతుంది. అదే పాటను ఆయన 1992లో అన్‌ప్లగ్డ్ (కరెంటు గిటార్లు లేని) కచేరీలో తాపీగా, మామూలు గిటార్ మీద పాడాడు. గట్టి శబ్దం పడనివాళ్ళకి ముందు రెండోది పంపండి. కానీ అందులో ఆ పియానో భాగం లేదని గుర్తుంచుకోండి.

ఏడాది వేస్తే సరిచూసుకోండి. యాప్‌లో పాట పక్కన కనిపించే ఏడాది ఒక్కోసారి పాత రికార్డింగును శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేసిన ఏడాది. 1970ల పాటకి 2011 అని ఉంటే కంగారు పడకండి, అలాగే రాసేయకండి కూడా.

తర్వాతి పాటలోకి ఆగకుండా కలిసిపోయే పాటలుంటాయి. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ చివర్లో ‘బ్రెయిన్ డామేజ్’ నేరుగా ‘ఎక్లిప్స్’లోకి వెళ్తుంది. మొదటిది ఒక్కటే పంపితే వాక్యం మధ్యలో ఫోన్ పెట్టేసినట్టుంటుంది. రెండూ పంపండి, వరసగా వినమని చెప్పండి.

దశ 7: రాయండి, తర్వాత కోయండి

ఇప్పుడు రాయండి. ఒక్కసారిగా రాసేయండి, బాగుందో లేదో చూడకండి. నేను మొన్న ఒక స్నేహితుడికి రాసిన చిత్తుప్రతి యథాతథంగా ఇది. పాట పింక్ ఫ్లాయిడ్ 1975లో చేసిన ‘విష్ యు వర్ హియర్’.

“దూరం అనేది ఎంత బాధాకరమో ఈ పాట చెబుతుంది. మా అన్నయ్య దూరంగా ఉంటాడు. ఫోన్లో తక్కువ మాట్లాడతాడు. మొన్న స్పీకర్ ఆన్ చేసి బట్టలు మడతపెడుతూ మాట్లాడుతున్నా. అవతల్నుంచి టప్‌మని చప్పుడైంది. ఏంటది అన్నా. దుప్పటి దులుపుతున్నా అన్నాడు. నేనూ నా చేతిలో దుప్పటి దులిపా. తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, మడతలు పెట్టుకుంటూ ఉన్నాం. ఈ పాట ప్రపంచంలోనే అత్యుత్తమ రాక్ పాటల్లో ఒకటి. మొదట్లో ఒక గిటార్ పాత రేడియోలోంచి వస్తున్నట్టు సన్నగా వినిపిస్తుంది. నిమిషం దగ్గర ఇంకో గిటార్, మన గదిలోనే కూర్చుని దానితో కలిసినట్టు మొదలవుతుంది. నిజంగా బంధాలు ఎంత విలువైనవో కదా. తప్పకుండా విను.”

ఇప్పుడు కోత. మొదటి వాక్యం తీసేశాను, అది పాటకి వ్యాఖ్యానం. ‘అత్యుత్తమ’ వాక్యం తీసేశాను, అది ప్రకటన. ‘బంధాలు’ వాక్యం తీసేశాను. దుప్పటి చప్పుడు చెప్పాల్సింది అప్పటికే చెప్పేసింది. ‘తప్పకుండా విను’ బదులు ‘ఆ నిమిషం దాకా విను చాలు’ అని మార్చాను. మిగిలినది ఇది:

“అన్నయ్య ఫోన్లో తక్కువ మాట్లాడతాడు. మొన్న స్పీకర్ ఆన్ చేసి బట్టలు మడతపెడుతూ మాట్లాడుతున్నా. అవతల్నుంచి టప్‌మని చప్పుడైంది. ఏంటది అన్నా. దుప్పటి దులుపుతున్నా అన్నాడు. నేనూ నా చేతిలో దుప్పటి దులిపా. తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, మడతలు పెట్టుకుంటూ ఉన్నాం. ఈ పాట మొదట్లో ఒక గిటార్ పాత రేడియోలోంచి వస్తున్నట్టు సన్నగా వినిపిస్తుంది. నిమిషం దగ్గర ఇంకో గిటార్, మన గదిలోనే కూర్చుని దానితో కలిసినట్టు మొదలవుతుంది. ఆ నిమిషం దాకా విను చాలు.”

ఆ రేడియో చప్పుడు బృందం గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్ కారు రేడియోలోంచి రికార్డు చేసిందని నాకు తెలుసు. బృందం నుంచి 1968లో విడిపోయిన సిడ్ బారెట్ జ్ఞాపకం ఆ పాటలో ఉందనీ తెలుసు. ఇక్కడ రాయలేదు. దుప్పటి పక్కన వాటికి చోటు లేదు. స్నేహితుడు విని అడిగాక అప్పుడు చెప్పాను, అరగంట మాట్లాడుకున్నాం.

ఎంత పొడుగు ఉండాలి? ఫోన్ తెరమీద పైకి జరపకుండా మొత్తం కనిపించేంత. ఇంట్లో పెద్దవాళ్ళకైతే రాయడం బదులు మీ గొంతుతో వాయిస్ మెసేజ్ పంపండి, నిమిషం లోపు. పక్కనే ఉన్న మనిషికైతే ఏమీ రాయకండి. సంగతి నోటితో చెప్పి, ఇయర్‌ఫోన్స్‌లో ఒకటి వాళ్ళ చేతికివ్వండి.

హెచ్చరిక: పాట మాటలు మొత్తం ఎత్తి రాయకండి. వాటి మీద హక్కు రాసినవాళ్ళది. అదీగాక, చదివేవాళ్ళు వినడం మానేసి చదివి వదిలేస్తారు. మరీ కావాలంటే ఒక్క ముక్క, మిగతాది మీ తెలుగులో.

ఇంకో హెచ్చరిక: మీ సంగతిలో ఇంకో మనిషి ఉంటే వాళ్ళని అడిగి పంపండి. పై కబురు స్నేహితుడికి పంపేముందు అన్నయ్యకి చదివి వినిపించాను. ఇక్కడ పెట్టేముందు మళ్ళీ అడిగాను.

దశ 8: పంపే వేళ, పంపే తీరు

కబురు ముందు, లింకు తర్వాత. లింకు పైన ఉంటే అదే నొక్కుతారు, కబురు చదవరు.

వినాల్సిన చోటు నిమిషం, సెకన్లతో చెప్పండి. కొన్ని యాప్‌లలో ఆ చోటునుంచే మొదలయ్యేలా లింకు చేయొచ్చు గానీ, నేను సాధారణంగా అలా చేయను. ఆ చోటుకి ముందున్న ఎదురుచూపు లేకపోతే అది తగలదు.

శబ్దం గురించి ముందే చెప్పండి. పింక్ ఫ్లాయిడ్ ‘టైమ్’ మొదట్లో గడియారాలు మెల్లగా టిక్కుటిక్కుమంటాయి. వినపడట్లేదని సౌండ్ పెంచుతారు. మరుక్షణం అలారాలూ గంటలూ అన్నీ ఒక్కసారిగా మోగుతాయి. ఇయర్‌ఫోన్స్‌లో అది చెవికి నిజంగా దెబ్బే. “సౌండ్ పెంచకుండా మొదలుపెట్టు” అని ఒక్క మాట రాయండి. పాడటం మొదలవ్వడానికి దాదాపు రెండున్నర నిమిషాలు పడుతుందని కూడా చెప్పండి, లేదంటే మాటల్లేని పాటనుకుని ఆపేస్తారు.

డ్రైవింగ్‌లో ఉన్నారని తెలిస్తే పంపకండి. దుఃఖంలో ఉన్నవాళ్ళకి అర్ధరాత్రి బరువైన పాట పంపకండి. పగలు పంపండి, “వినాలనిపిస్తేనే” అని రాయండి. కొన్నిసార్లు పాట కాదు, ఫోన్ చేయడమే సరైన పని.

తరచూ జరిగే పొరపాట్లు

పాట చరిత్ర మొత్తం చెప్పడం అన్నిటికన్నా ఎక్కువగా చూస్తాను. బృందంలో ఎవరెప్పుడు చేరారు, ఎవరెప్పుడు మానేశారు, గిటార్ ఏ కంపెనీది అని. ఇష్టం ఉన్నవాళ్ళకి ఇవన్నీ తెలుసు, లేనివాళ్ళకి అక్కర్లేదు. ఒక్క వివరం ఉంచండి, అదీ మీ సంగతికి తగిలేదైతేనే.

‘ఈ కాలం పాటలు అసలు పాటలేనా’ అని మొదలుపెట్టడం ఇంకో తప్పు. పిల్లలకి పంపేవాళ్ళు ఇది ఎక్కువ చేస్తారు. ఆ వాక్యం చదివిన పిల్లవాడు పాట మొదలవకముందే చెవులు మూసుకుంటాడు.

రోజూ పంపడం కూడా పొరపాటే. నేను వారానికి ఒకటి దాటను. మంచి సంగతి దొరకని వారం ఆ ఒక్కటీ పంపను.

ఇంకొకటి, చెప్పడం కొంచెం కష్టం. మన సంగతిని మనకి ఇష్టమైన పాటంత గొప్పగా చూపించాలనే తాపత్రయంలో దాన్ని పెంచేస్తాం. భుజం మీద వాలినాయన కళ్ళలో నీళ్ళున్నాయని రాస్తాం. లేవు కదా. అబద్ధం ఒక్కటి చేరినా పాట దాన్ని బయటపెట్టేస్తుంది, ఎందుకంటే పాట నిజంగానే గట్టిగా ఉంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పంపేముందు మూడు పరీక్షలు చేయండి.

పైకి చదవండి. మీరు మాట్లాడేటప్పుడు వాడని మాట ఎక్కడ తగిలినా మార్చండి.

పాట పేరు చేత్తో మూసి చదవండి. ఆ కబురు ఏ పాటకైనా సరిపోయేలా ఉంటే మీరింకా చోటు దొరకబుచ్చుకోలేదు. దశ 3కి వెళ్ళండి.

రాసింది చదివి, వెంటనే పాట పెట్టి, మీరు చెప్పిన చోటుదాకా వినండి. ఆ చోటు వచ్చినప్పుడు మీ సంగతి మీ కళ్ళముందు కనిపించాలి. కనిపించకపోతే జత కుదరలేదన్నమాట. దశ 4.

పంపాక వచ్చే జవాబు బట్టి కూడా తెలుస్తుంది. బొటనవేలి గుర్తు ఒక్కటే వస్తే వినలేదనుకోండి, బాధపడకండి. “బాగుంది” అంటే మొదలుపెట్టారు. “ఆ రెండో గిటార్ వచ్చే ముందు ఎవరో దగ్గారు, విన్నావా?” అని అడిగితే పూర్తిగా విన్నారు. నా స్నేహితుడు సరిగ్గా అదే అడిగాడు. నిజమే, ఆ పాట మొదట్లో ఒక దగ్గు వినపడుతుంది, జాగ్రత్తగా వింటే గానీ తెలియదు. ఇక అన్నిటికన్నా మంచి జవాబు పాట ఊసే లేనిది: “మా అక్క కూడా అంతే, ఫోన్లో మాట్లాడదు. నిన్న ఏం జరిగిందంటే...”

“విన్నావా? విన్నావా?” అని గుర్తుచేయకండి. ఒకే పాటను రెండోసారి పంపకండి. రెండు మూడు సార్లు స్పందన లేకపోతే ఆ మనిషికి రాక్ బదులు ఉత్త కబురే పంపండి, వాళ్ళకి అదే కావాలేమో.

వాళ్ళు తిరిగి ఒక పాట పంపితే, అది మీకు నచ్చని రకమైనా సరే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వినండి. అందులో మీకు తగిలిన సెకను ఒకటి వెతకండి. జవాబులో ముందు ఆ అంకె రాయండి.